వాడి మాట నా నోట్లో

మా తమ్ముడు మునికుమార్ మూగవాడు కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తే నాకు సగం పని తప్పుతుంది. వాణ్ణి కొత్తగా చూసిన ప్రతివాళ్లూ కాసేపయ్యాక నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "పిల్లోనికి మాటలొస్తాయి గదమ్మా?" అని అడుగుతారు. వస్తాయండీ, నిక్షేపంగా వస్తాయి. బయటికి రావు, అంతే.

వాడికి సిగ్గు. మామూలు సిగ్గు కాదు. పుంగనూరులో ఒక డెయిరీలో పాలు పరీక్ష చేసే ఉద్యోగం వాడిది. పాలల్లో నీళ్లు కలిపి తెచ్చినవాడు దర్జాగా తలెత్తుకుని నిలబడతాడు, పట్టుకున్న వీడు తల దించుకుంటాడు. సాయంత్రం బస్సులో వస్తూ, మా స్టాపులో ఇంకెవరూ దిగకపోతే, "ఆపండన్నా" అనడానికి మొహమాటపడి తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచి వస్తాడు. మదనపల్లెలో ఇంటికి వాడు అన్నిసార్లు ఆలస్యంగా ఎందుకొస్తున్నాడో మాకు తెలియడానికి చాలా కాలం పట్టింది. ఏదో ప్రేమ వ్యవహారం అనుకుని నేను లోలోపల సంబరపడ్డాను కూడా. అంత అదృష్టమా!

నేను వాడిలా కాదు. నా పేరు రాజేశ్వరి. మదనపల్లె టమాటా మార్కెట్లో కాయలు ఏరే పని నాది. పచ్చివి ఒక పక్క, దోరవి ఒక పక్క, దెబ్బ తిన్నవి ఇంకో పక్క. లారీల హారన్లకూ వేలంపాటల అరుపులకూ పైన మాట్లాడీ మాట్లాడీ, నా గొంతుకు తగ్గించే బటన్ లేకుండా పోయింది. మా నాయన పోయాక అమ్మ పనికి వెళ్తుంటే, తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది నేనే. బళ్లో చేర్చేటప్పుడు అయ్యవారు వాడి పేరడిగితే చెప్పింది నేనే. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, నొప్పి ఎక్కడని అడిగినప్పుడు నా కడుపు మీదే చెయ్యి పెట్టి చూపించాను. ఆయన నా కడుపే నొక్కి చూసి మందు రాశాడు. ఆ మందుతో వాడికి తగ్గింది కూడా, కావాలంటే మా అమ్మను అడగండి.

అలాంటి వాడికి ముప్పై దగ్గర పడింది. రెండు సంబంధాలు వచ్చాయి, రెండూ "మూగోడేమో" అనుకుని వెళ్లిపోయాయి. మూడోది రామకుప్పం సంబంధం. పిల్ల పేరు రమ్యశ్రీ. డిగ్రీ చదివి, కుప్పంలో ఒక ఆసుపత్రిలో టోకెన్ల దగ్గర కూర్చుని పేషెంట్ల పేర్లు పిలిచే ఉద్యోగం చేస్తోంది. ఈసారి తప్పిపోకూడదని నేను గట్టిగా అనుకున్నాను. మా అమ్మనూ వాణ్ణీ వెంటబెట్టుకుని పెళ్లిచూపులకు వెళ్లాను.

పిల్ల తండ్రి కదిరప్పకు అడవి పక్కనే రాగిచేను ఉంది. కాఫీలు కాకముందే ఆయన అసలు సంగతి అడిగేశాడు.

"మాకు ఏనుగుల బాధ శానా ఉండాదమ్మా. అవొస్తే ఊరంతా చేరి అరవల్ల. అల్లునికి గొంతుండాదా అని అడిగితే తప్పు గాదు గదా?"

"గొంతా! కంచు గొంతప్పా మావాడిది" అన్నాను. మా అమ్మ కాఫీ గ్లాసులోకి చూసుకుంటూ కూర్చుంది.

అప్పుడు రమ్యశ్రీ వచ్చి కూర్చుని, సూటిగా మావాణ్ణే అడిగింది. "డెయిరీలో పని ఎట్ల ఉండాది?"

"శానా బాగుండాదమ్మా. అందరూ మెచ్చుకుంటాండారు" అన్నాను.

"తినేదానికి ఏమిష్టం?"

"సంగటి. అందులోకి చెనిక్కాయల ఊరుబిండి ఉంటే ఇంకేమీ అడగడు" అన్నాను. ఎలాగూ అడగడు, అది వేరే విషయం.

రమ్యశ్రీ కుర్చీని వాడివైపు జరుపుకుంది. నాకు ఆమె వీపు మాత్రమే కనబడుతోంది. "నేను మీకు నచ్చినానా?"

"నచ్చకపోయేదేంది తల్లీ! శానా నచ్చినావు!"

ఆ పిల్ల నా వైపు తిరిగింది. కోపం లేదు, మూతి బిగబట్టుకుని నవ్వాపుకుంటోంది. "వదినా, నాదొక డౌటు. రేపు తాళి కట్టేది ఆయనా, మీరా?"

కదిరప్ప పగలబడి నవ్వాడు. మా అమ్మ కూడా నవ్వింది, నా సొంత తల్లి! నాకు ఒళ్లు మండింది. నేనేదో అనబోయేలోపే ఆ పిల్ల మళ్లీ వాడివైపు తిరిగి, ఇంకా మెల్లిగా, "మిమ్మల్నే అడుగుతాండాను. నేను మీకు నచ్చినానా?" అంది.

మావాడి చెవులు మార్కెట్లో పండు కాయల రంగుకు తిరిగాయి. నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. నేనాగలేకపోయాను. "చెప్పరా! నచ్చిందని చెప్పు!" అన్నాను. వాడు నోరు మూసేసుకున్నాడు.

రమ్యశ్రీ లేచింది. "వచ్చే ఆదివారం ఆయనొక్కరే రావల్ల. నన్ను ఏల చేసుకోవాలనుకుంటాండారో ఆయన నోటితోనే చెప్పల్ల. వద్దనుకుంటే వద్దని అయినా చెప్పల్ల. వదిన చెప్తే మాత్రం లెక్కలోకి రాదు" అని లోపలికి వెళ్లిపోయింది.

తిరిగొచ్చే బస్సులో దారంతా నేను ఆ పిల్లను తిడుతూనే ఉన్నాను. ఎంత పొగరు, ఎంత పెంకితనం, ఆసుపత్రిలో పేర్లు పిలిచినట్టు మనుషుల్ని పిలుస్తుందా అని. పలమనేరు దాటాక మావాడు కిటికీలోంచి బయటికి చూస్తూ, "అక్కా" అన్నాడు.

"ఏంరా?"

"ఈ సంబంధం పోతే ఇంగ సూడొద్దు."

ఎవరూ అడక్కుండా వాడు ఒక వాక్యం మొత్తం మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. తిట్టు నోట్లోనే ఆగిపోయింది. వీడికి ఆ పిల్ల కావాలి, నిజంగా కావాలి. ఆదివారం నోరు పెగలకపోతే ఆ పిల్ల పోతుంది, ఆ తర్వాత వీడు ఇంకెవర్నీ చూడడు.

సరే, సిగ్గు అనేది ఒక రోగం అయితే దానికి వైద్యం నేనే చేస్తాను అనుకున్నాను. మర్నాడు తెల్లారుతూనే వాణ్ణి మార్కెట్టుకు తీసుకుపోయాను. టమాటా బాక్సులున్న తోపుడుబండి చేతికిచ్చి, "తప్పుకోండి, తప్పుకోండి అని అరుసుకుంటా ఆ కొసకు తోసుకుని పో. ఈ మార్కెట్లో అరవకపోతే చీమ కూడా దారియ్యదు" అన్నాను. వాడు తలూపి వెళ్లాడు. ఎంతసేపటికీ రాలేదు. వెతుక్కుంటూ వెళ్తే ఏముంది, ఒక్కరిని కూడా తప్పుకోమనకుండా, జనం లేని సందులు వెతుక్కుంటూ, వెనక గేటులోంచి బయటికి పోయి, రోడ్డు చుట్టూ తిరిగి, ముందు గేటులోంచి బండి తోసుకొస్తున్నాడు. ఒళ్లంతా చెమటలు. మొహంలో మాత్రం గెలిచినంత ఆనందం!

తర్వాత అద్దం వైద్యం. ఫోన్లో ఏదో వీడియోలో చెప్పారు, అద్దం ముందు నిలబడి మీతో మీరే మాట్లాడుకోండి అని. నిలబెట్టాను. వాడు అద్దంలో తన మొహం చూసుకుని సిగ్గుపడి, తల దువ్వుకుని వచ్చేశాడు.

మూడోది హోటల్ వైద్యం. డెయిరీ పని అయ్యాక పుంగనూరు బస్టాండు దగ్గర హోటల్లో కూర్చోబెట్టి, "ఈ పొద్దు నేను నోరు తెరవను, నీకేం కావల్లో నువ్వే చెప్పు" అన్నాను. సర్వర్ వచ్చాడు. "ఏం కావాలప్పా?" వాడు ఏదో అన్నాడు, పక్కనున్న నాకే వినబడలేదు. సర్వర్ "పొంగలా?" అన్నాడు. వాడు తలూపాడు. పొంగల్ వాడికి చిన్నప్పటి నుంచీ పడదు. దాన్ని మెల్లిగా, మెతుకు మిగలకుండా తిన్నాడు. చూస్తున్న నాకు ఏడుపొచ్చింది. సర్వర్ని పిలిచి మసాలా దోశ తెమ్మని నేనే అరిచాను. ఎంతసేపని చూడమంటారు!

ఆ రాత్రి అన్నాలు తింటుంటే మా ఆయన ఒక సలహా చెప్పాడు. "మేయ్, వాన్ని వదిలేసి నువ్వు ఒక వారం నోరు మూసుకుని సూడు."

"నేను మాట్లాడకపోతే ఈ ఇంట్లో పాలు కూడా కాగవు" అన్నాను. అది నిజమే కాబట్టి ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

ఇంకో సంగతి చెప్పాలి. శనివారం నేను మార్కెట్ నుంచి వస్తుంటే, మా వీధి చివర బయ్యమ్మవ్వ అరుగు మీద మావాడు కూర్చుని ఉన్నాడు. బయ్యమ్మవ్వకు చెవులు బొత్తిగా వినబడవు. పక్కన టపాకాయలు పేలినా, ఎవరో తలుపు తట్టినట్టుందే అంటుంది. మావాడు ఆమెతో మాట్లాడుతున్నాడు! చేతులు తిప్పుతూ, నవ్వుతూ, ఆగుతూ, మళ్లీ అందుకుంటూ. అవ్వ తలూపుతూ వింటోంది, అంటే వినడం లేదనుకోండి. నేను గోడ పక్కన నిలబడిపోయాను. నన్ను చూడగానే వాడు టక్కున ఆపేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

"ఏం చెప్పినాడవ్వా?" అని అవ్వ చెవిలో అరిచాను.

"ఏమోనమ్మే, ఒక ముక్క ఇనబడలేదు. అయినా ఈ పిల్లోడు ఎంత సక్కగా మాట్లాడతాడే! దినమ్మూ వస్తాడు" అంది బయ్యమ్మవ్వ.

చెవిటామె దగ్గర వాగుతాడు, చెవులున్న నా దగ్గర వాగడు. నాకు చచ్చేంత ఉక్రోషం వచ్చింది. కారణం ఏమై ఉంటుందని ఆలోచించానా అంటే, లేదు. ఆలోచించే తీరిక యాడుంది నాకు?

ఆదివారం వచ్చింది. మా ఆయన బైకు మీద బయల్దేరే ముందు మావాడు, పక్క గదిలో ఉన్న నాకు ఫోన్లో మెసేజ్ పెట్టాడు. "అక్కా, నువ్వు రావద్దు." నేను బొటనవేలి బొమ్మ పంపాను. బొటనవేలి బొమ్మ పంపితే రానని ఒప్పుకున్నట్టని ఎవరైనా అంటే అది వాళ్ల ఇష్టం. వాడు కొత్త చొక్కాకు ఇస్త్రీ చేసి తొడుక్కుని, విప్పి, పాతదే వేసుకుని, మళ్లీ విప్పి కొత్తది వేసుకునేలోపు నేను కుప్పం బస్సులో కూర్చున్నాను. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ చేశాక నన్నాపే మొగోడెవరు?

రామకుప్పంలో దిగి, ఆటోలో పిల్లవాళ్ల పల్లెకు పోయి, కదిరప్ప ఇంటి వెనకవైపు నుంచి దూరాను. పశువుల కొట్టం పక్కన గడ్డివామి ఉంది. దాని చాటున నక్కి కూర్చుంటే ముందరి వాకిలి మొత్తం కనబడుతుంది, వినబడుతుంది. కట్టేసి ఉన్న పొట్టి ఆవు ఒకటి నా వైపు అనుమానంగా చూసింది. దానికి దండం పెట్టాను.

కాసేపటికి మావాడు వచ్చాడు. కదిరప్ప వాణ్ణి మంచం మీద కూర్చోబెట్టి, తాను కొంచెం దూరంగా గడప దగ్గర కూర్చున్నాడు. రమ్యశ్రీ ఒక చాటలో అనపకాయలు పోసుకుని వచ్చి, మంచానికి ఎదురుగా కింద చాప మీద కూర్చుంది. వాడి మొహంలోకి చూడలేదు. కాయలు ఒలుచుకుంటూనే, "చెప్పండి. నన్ను ఏల చేసుకోవాలనుకుంటాండారు?" అని అడిగింది.

వాడు నేలచూపులు చూశాడు. తర్వాత మంచం దిగి చాప మీద కూర్చుని, ఒక గుప్పెడు కాయలు తీసుకుని తనూ ఒలవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల చాటను వాడివైపు జరిపింది. ఇద్దరూ ఒలుస్తున్నారు. గింజలు చాటలో పడుతున్నాయి. ఒరేయ్, నిన్ను అనపకాయలు ఒలిచేదానికా పంపింది? చెప్పరా! బాగుండాదని చెప్పు, చదువుకుండాదని చెప్పు, ఏదో ఒకటి చెప్పు! నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎండుగడ్డి ముక్కులోకి పోతోంది. నా నాలుక లోపల గిలగిలా కొట్టుకుంటోంది.

"నాకు..." అన్నాడు వాడు. ఆగాడు.

ఆ పిల్ల ఇంకో కాయ తీసుకుంది.

"మీరు..." మళ్లీ ఆగాడు. ఆగి, ఆగి, ఇంక ఆగిపోయాడేమో అనిపించింది. అయిపోయింది, సంబంధం పోయింది, మావాడి బతుకు ఆ చాటలో పొట్టు పాలైపోయింది అనుకున్నాను. అంతే, నేనేం చేశానో నాకే తెలియదు.

"నువ్వు బంగారం అట్లా పిల్లవు గాబట్టి తల్లీ!"

నా గొంతు సంగతి ముందే చెప్పాను గదా. ఆవు అదిరిపడి తాడు లాగింది, వామిలోంచి గడ్డి జారింది, గడ్డితో పాటు నేనూ జారి కొట్టం ముందు బోర్లా పడ్డాను. తలనిండా గడ్డి.

"అక్కా! నోరు మూసుకో!"

ఆ అరుపు ఎవరిదో ఒక క్షణం నాకు అర్థం కాలేదు. అంత పెద్ద గొంతు మా ఇంట్లో నాకొక్కదానికే ఉందనుకున్నాను. కాకులు లేచిపోయాయి. పక్కింటి గోడ మీదుగా రెండు తలలు పైకి లేచాయి. మునికుమార్ లేచి నిలబడి ఉన్నాడు, గుప్పిట్లో అనపకాయలతో సహా.

కదిరప్ప గడప మీద నుంచి మెల్లిగా లేచాడు. "యప్పా! ఈ గొంతుకు ఏనుగులు తమిళనాడు దాకా పరిగెత్తుతాయి" అన్నాడు.

మావాడి చెవులు మళ్లీ పండిపోయాయి. కానీ కూర్చోలేదు. "నాకు మాటలు రాక గాదుక్కా. మెల్లిగా వస్తాయి. ఒక మాట లోపల బయల్దేరి నాలిక మీదికొచ్చేలోపల నువ్వు దాన్ని చెప్పేసింటావు. ఇంగ నేనేం చెప్పల్ల? మింగేస్తాను. చిన్నప్పట్నించి మింగతానే ఉండాను. నా కడుపునొప్పి కూడా నువ్వే చెప్తివి."

నాకు కోపం వచ్చింది. ఇంతకాలం మోసినదాన్ని, ఇంతమందిలో ఇంత మాటంటాడా? మరుక్షణం ఏడుపు వచ్చింది. ఆ రెండింటి మధ్యలో, ఆ మాటలన్నీ వాడు తడబడకుండా మాట్లాడాడని తట్టి, నవ్వు కూడా వచ్చింది. మూడూ ఒక్కసారే వస్తే మొహం ఏ ఆకారంలో పెట్టాలో తెలియక గడ్డిలో అలాగే కూర్చున్నాను.

రమ్యశ్రీ చాటలోంచి తల ఎత్తలేదు. "నేనడిగినదానికి ఇంగా జవాబు రాలేదు" అంది.

వాడు ఆమె వైపు తిరిగాడు. ఈసారి కూడా ఆలస్యమైంది. నేను రెండు చేతులతో నోరు మూసుకున్నాను.

"ఆ పొద్దు నేను నచ్చినానా అని అడిగినారు. మా అక్క చెప్పేసింది. అందరూ ఆడికి ఆపేస్తారు. మీరు ఆపలే. మళ్లా నన్నే అడిగినారు" అన్నాడు. తల దించుకోబోయి, మానేసి, మళ్లీ అందుకున్నాడు. "ఇన్నేండ్లలో నన్ను రెండోసారి అడిగినోళ్లు ఎవురూ లేరు. అందుకే."

రమ్యశ్రీ అప్పుడు తలెత్తి వాణ్ణి చూసింది. ఆమె కళ్లు తడిసి ఉన్నాయి, కానీ పెంకితనం ఎక్కడికీ పోలేదు.

"నా కత కూడా చెప్తా ఇనండి. ఆసుపత్రిలో చేరిన కొత్తలో పేర్లు పిలిచేదానికి నాకు గొంతు వచ్చేది గాదు. ఒక్కొక్క పేషెంటు కాడికీ నడుచుకుంటా పోయి, చెవిలో చెప్పొచ్చేదాన్ని. అందరూ నవ్వేవాళ్లు. ఒక ముసలామె మాత్రం నవ్వకుండా, నా పేరు నువ్వు పిలిచేదాకా నేను లెయ్యను అని మొండికేసి కూర్చుండె. ఆమె పేరే నేను ఫస్టు పిలిచింది. ఇప్పటికీ పిలిచే ముందు బెదురు పుడతానే ఉంటాది. పుట్టనీ అని పిలుస్తాను, అంతే." ఆమె మావాడి గుప్పిట్లోని కాయలు తీసుకుని చాటలో వేసుకుంది. "నాకు నచ్చినారు."

తర్వాత నా వైపు చూసి, "వదినా, మీ కొంగు ఆవు తింటాండాది" అంది.

నిజమే. సగం కొంగు అప్పటికే దాని నోట్లో ఉంది. నేను ఈ పక్క, అది ఆ పక్క లాగుతుంటే, మునికుమార్ నవ్వడం మొదలుపెట్టాడు. చేత్తో మూతి మూసుకోకుండా నవ్వాడు.

సాయంత్రం బైకు మీద వాడి వెనక కూర్చుని మదనపల్లెకు బయల్దేరాను. దారిలో నేను మాట్లాడలేదు. అలిగానని వాడికి తెలియాలి గదా! నేను తప్పు చేశానని ఇప్పటికీ ఒప్పుకోను. నేను చెప్పకపోయుంటే వాడికి చిన్నప్పుడు అన్నం పెట్టేవాళ్లు కాదు, మందిచ్చేవాళ్లు కాదు. కాకపోతే, వాడు పెద్దవాడయ్యాడని నాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడి మాట నా నోట్లో ఉండిపోయింది.

పుంగనూరులో ఆ హోటల్ ముందరే బండి ఆపాడు. అదే సర్వర్ వచ్చాడు. "ఏం కావాలప్పా?"

నా నోరు తెరుచుకుంది. మూసుకున్నాను. వాడు ఆలోచిస్తున్నాడు. సర్వర్ ఆ కాలి మీద నుంచి ఈ కాలి మీదికి మారాడు, పక్క టేబుల్ వైపు చూశాడు. నేను గ్లాసులో నీళ్లు మొత్తం తాగేశాను.

"మసాలా దోశ" అన్నాడు మావాడు. సర్వర్‌కు వినబడింది. తర్వాత నా వైపు తిరిగి, "నీకేం కావాలక్కా?" అన్నాడు.

ఇంట్లో ఎవరికేం కావాలో, ఎవరు ఏది తినరో అంతా నాకు నోటికి వచ్చు. అందరికీ చెప్పాక మిగిలింది తినడమే నాకు అలవాటు. నీకేం కావాలని నన్ను అడిగినవాళ్లు ఎవరా అని వెతుక్కుంటే, ఒక్కరు కూడా గుర్తుకు రాలేదు. మార్కెట్ మొత్తాన్ని హడలగొట్టే రాజేశ్వరికి, ఆ హోటల్లో, సర్వర్ ముందు, మాట పెగలలేదు.

సర్వర్ విసుక్కుని, "ఆమెక్కూడా దోశేనా?" అని మావాణ్ణి అడిగాడు.

మావాడు తల అడ్డంగా ఊపాడు. "ఉండన్నా, మా అక్క చెప్తాది" అన్నాడు. బల్ల మీద చేతులు పెట్టుకుని, నేను చెప్పేదాకా కూర్చున్నాడు.